గుర్తుపట్టని కంప్యూటరు

ప్రభాకరరావు మా అమ్మ వేలు పట్టుకుని కాగితం మీద నొక్కించిన రోజున నేను ఊళ్లో లేను. అది ముందు చెప్పేయాలి. చెప్పకపోతే ఈ కేసులో నేను పగతో పనిచేసేనని ఎవరైనా అనొచ్చు. పగ లేదనను. పన్నెండేళ్లు గడిచేక అది ఉందో లేదో మనకే తెలీదు.

తొంభై ఆరు నవంబరు తుపానుకి చెట్లు పడిపోయినవాళ్లకి పరిహారం ఇస్తున్నారంటే మా అమ్మ వెళ్లి వరసలో నిలబడింది. అక్కడ బందోబస్తుకి వచ్చిన హెడ్ కానిస్టేబులు ప్రభాకరరావు. "ఇక్కడొకటీ, ఇక్కడొకటీ వెయ్యండి మామ్మగారూ" అని చాలా మర్యాదగా వేయించేడు. మర్నాడు జీపు కూడా తనే తెచ్చి రిజిస్ట్రారాఫీసుకి ఎక్కించుకెళ్లేడు, అక్కడా వేయించేడు. ఆ వేలిముద్రలన్నీ కలిసి, మా కొబ్బరితోట పక్కతోట బుచ్చిరాజుగారికి అమ్మినట్టు దస్తావేజయ్యేయి. కోర్టుకెళ్లేను. వేలిముద్ర మా అమ్మదేనని తేలింది. తేలక ఏమవుతుంది, వేలు ఆవిడదే కదా.

ఆ ప్రభాకరరావు ఇప్పుడు రిటైరై రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివు ఆఫీసు పెట్టేడు. అద్దాల తలుపు, ఏసీ, ఇంగ్లీషు బోర్డు. నేనూ డిటెక్టివునే. నాకు బోర్డు లేదు. ఎనిమిదో క్లాసు తప్పి, ముందు రేడియోలు, తర్వాత టేపురికార్డర్లు, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తూ అమలాపురంలో చిన్న కొట్టు నడుపుతున్నాను. దానికి తోడు వాకబులు. పెళ్లికొడుకు తాగుతాడా, పెళ్లికూతురు వాళ్ల నాన్న చెప్పిన పొలం నిజంగా ఉందా, అలాంటివి. హత్య కేసు ఇదే మొదటిది. నన్ను పిలిచింది బుచ్చిరాజుగారి భార్య కనకరత్నం. చచ్చిపోయింది బుచ్చిరాజుగారే.

రెండువేల ఎనిమిది, మే పధ్నాలుగు, బుధవారం. మామిడికుదురు దగ్గర తన తోటలో, కాయలు నిలవచేసే కొబ్బరికొట్టులో, తల వెనక దెబ్బతో పడి ఉన్నారు. ఇరవై రెండో తారీఖు గురువారం ఉదయం తొమ్మిదింటికి, ఆయన తోటలో కాయలు లెక్కపెట్టే చిట్టెమ్మని అరెస్టు చేసేరు. చిట్టెమ్మ అలాంటిది కాదని కనకరత్నంగారు నాకు కబురు పెట్టేరు. ఇరవై నాలుగ్గంటల్లో, అంటే రేపు తొమ్మిదిలోపు రాజోలు కోర్టులో పెట్టాలి. పెడితే రిమాండే. బెయిలుకి నిలబడేవాళ్లెవరూ ఆవిడకి లేరు. లోపలికెళ్తే ఇక బయటికి రాదని స్టేషన్లో సెంట్రీకి కూడా తెలుసు.

నేను స్టేషనుకి వెళ్లేసరికి పది నలభై.

"పది నిమిషాలు" అన్నారు ఎస్సై భవానీదేవి. ముప్ఫై దాటి ఉండవు. టేబులు మీద కాగితాలు అంచులు కలిపి పెట్టుకునే మనిషి. "టైములు అడిగితే ఒక్కటీ చెప్పదు. అడగండి, మీకేమైనా చెప్తుందేమో."

చిట్టెమ్మకి యాభై ఐదుంటాయి. ముప్ఫై ఏళ్లుగా బుచ్చిరాజుగారి తోటలో దింపు రోజున కాయలు లెక్కపెట్టేది ఆవిడే. చెట్లెక్కేవాళ్లు కాయలు దింపి రాశి పోస్తే, పక్కన కూర్చుని ఒక్కో చేత్తో రెండేసి, నాలుగు కాయలు ఒక్కసారి విసిరి ఒక పుంజీ అంటుంది. ఇరవై ఐదు పుంజీలకి వంద. వందకో కాయ పక్కన పెడుతుంది. చివర్న పక్కన పెట్టినవి ఎన్నుంటే అన్ని వందలు.

"చిట్టెమ్మా, నువ్వు కొట్టులోంచి బయటికి ఎప్పుడెళ్లేవు?"

"లారీ వొచ్చిందేమో చూసి రమ్మన్నారండీ అయ్యగారు. గట్టుదాకా ఎళ్లొచ్చేను."

"టైమెంత?"

"టైము నాకెక్కడిదండీ."

"చూశారా" అన్నారు ఎస్సై.

"లెక్క ఎప్పుడు మొదలెట్టేవు?"

"ఒంటిగంట సైరను కూసింది కదండీ గ్యాసు కంపెనీలో. అప్పుడే కూకున్నాను."

"లేచేసరికి ఎన్ని వందలయ్యేయి?"

"ముప్ఫై ఆరొందలండీ." ఆలోచించకుండా చెప్పింది.

ఎస్సైగారి వాచీ అడిగేను. "ఉత్త చేతుల్తో విసురు చిట్టెమ్మా, కాయలున్నట్టే." ఆవిడ ఖాళీ చేతులు విసరడం మొదలెట్టింది. కళ్లు మూసుకుని సన్నగా లెక్క చెప్తోంది. రెండు నిమిషాలకి వంద. ఇంకోసారి చూసేను. మళ్లీ రెండు నిమిషాలే.

"ముప్ఫై ఆరు వందలకి డెబ్భై రెండు నిమిషాలు" అన్నాను. "రెండూ పన్నెండుకి లేచింది మేడమ్. గట్టుదాకా వెళ్లి రావడానికి ఇరవై నిమిషాలు. రెండున్నరకి తిరిగొచ్చింది. అబద్ధమైతే కొట్టులో పక్కన పెట్టిన కాయలు ముప్ఫై ఆరు ఉండవు."

ఎస్సై రాసుకున్నారు.

"వచ్చేసరికి ఎలా ఉన్నారు?"

"కింద బోర్లా పడున్నారండీ. అటక నిచ్చెన గోడవారన పడుకోబెట్టుంది."

"పడిపోయుందా, పడుకోబెట్టుందా?"

"పడుకోబెట్టుందండీ. రోజూ ఎక్కడుంటాదో అక్కడే."

"నువ్వు ఆయన్ని నిచ్చెన మీంచి తోసేవంటున్నారు."

"నిచ్చెన మీదుంటే కదండీ తొయ్యడానికి."

"అటక మీద ఆయనకేం పని?"

"ఐదారు రోజులుగా రోజూ ఎక్కుతున్నారండీ, ఫోను పట్టుకుని. ఎందుకండీ అని మేవడుగుతామా?"

"ఆయన్ని బెదిరించేవా?"

ఆవిడ నా మొహం చూసి తల దించుకుంది. "ఊరుకోనన్న మాట నిజవేనండీ. దేనికో చెప్పలేను."

"ఎస్సైగారి ముందు చెప్పలేవా?"

"ఆవిడ ముందు చెప్తానండీ. మీ ముందే చెప్పలేను."

పది నిమిషాలు అయిపోయేయి.

ఎస్సై నాకు సీడీ వినిపించేరు. కేసంతా అదే. ముప్ఫై ఎనిమిది సెకన్లు. బుచ్చిరాజుగారి గొంతే, అనుమానం లేదు. "నేను బుచ్చిరాజుని. ఇవాళ మంగళవారం. చిట్టెమ్మ ఊరుకోనంటోంది. నలుగుర్లో పెడతానంటోంది. నాకు భయంగా ఉంది." ఒక దగ్గు. అంతే.

దాంతోపాటు ప్రభాకరరావు ఇచ్చిన సర్టిఫికెట్టు. బుచ్చిరాజుగారి మేనల్లుడు ప్రసాద్ అతన్ని పెట్టుకున్నాడు. సర్టిఫికెట్లో ఇలా ఉంది. పద్దెనిమిదో తారీఖు ఆదివారం, సాయంత్రం నాలుగూ నలభైకి, మృతుడి ఇంట్లో, మృతుడి ఫోనుని కేబులుతో మృతుడి కంప్యూటరుకి కలిపి, ఇద్దరు సాక్షుల ముందు ఈ రికార్డింగు సీడీలోకి ఎక్కించడమైనది.

"ఫోనేదండీ?"

కవరులోంచి తీసి చూపించేరు. నాకు తెలిసిన ఫోనే. రెండువేల నాలుగులో బుచ్చిరాజుగారు కొన్నారు. అప్పట్లో అంత ఫోను కోనసీమలో పది మందికి ఉండేదేమో, దాన్ని స్మార్టుఫోనంటారని అందరికీ చెప్పుకునేవారు. స్క్రీను పగిలితే నేనే మార్చేను. తోట పోయినా రిపేర్లు వదులుకోలేదు నేను. దానికి కార్డు లేదు. రికార్డు చేసిందంతా ఫోను కడుపులోనే ఉంటుంది. అడుగున చపటి మూతి కేబులు పెట్టి లాగాలి.

"వాళ్లింట్లో కంప్యూటరు ఎలాంటిది మేడమ్?"

"నల్లది. పల్చటి స్క్రీను. కొత్తదే."

"అయితే ఆ ఫోను పట్టుకుని ఒక్కసారి రండి. ప్రభాకరరావుగారు ఆదివారం చేసిన పని ఇవాళ మళ్లీ చేస్తే చూద్దాం."

ఆవిడ ఫోను మళ్లీ కవరులో పెట్టేరు. తర్వాత జీపు తియ్యమన్నారు.

*

పన్నెండుంపావు. కనకరత్నంగారు హాల్లో గోడకి ఆనుకుని చాప మీద కూర్చున్నారు. ఇంట్లో మైల. తొమ్మిదో రోజు. ఆవిణ్ణి ఒకప్పుడు పిన్నిగారూ అనేవాణ్ణి. తోట పోయేక అమ్మగారూ అంటున్నాను. ఆవిడ కూడా ఎందుకని అడగలేదు.

ప్రభాకరరావు అప్పటికే ఉన్నాడు. తెల్ల సఫారీ, రంగేసిన జుట్టు.

"ఏరా లోవరాజూ, రేడియోలు మానేసి మర్డర్లు బాగుచేస్తున్నావా?"

"ఆయ్. రెండింట్లోనూ ఎవడో తీగ తెంపేస్తాడండీ. వెతకడమే పని."

ఎస్సై ముందు ప్రసాద్‌ని అడిగేరు. బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నావని. రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఉన్నానన్నాడు. కబురు తెలిసి రెండూ నలభైకి కొట్టుకి వచ్చేడట. మామయ్య జేబులోంచి ఫోను తనే తీసి భద్రం చేసేడట. చెప్తున్నంతసేపూ చొక్కా బొత్తం తిప్పుతూనే ఉన్నాడు.

"నన్నూ అడగండి మేడమ్, మొహమాటమెందుకు" అన్నాడు ప్రభాకరరావు. "బుధవారం రాజమండ్రి ఆఫీసులో ఉన్నాను. ఈ ఊళ్లో నేను అడుగుపెట్టింది ఆదివారం. రాసుకోండి."

ఎస్సై నిజంగానే రాసుకున్నారు. ఆ రాసుకోవడం అతనికి నచ్చలేదు.

"ఇప్పుడు ఫోను కలపండి ప్రభాకరరావుగారూ."

కేబులు పెట్టేడు. కంప్యూటరు ఒక చప్పుడు చేసింది. స్క్రీను మూల చిన్న పెట్టె లేచింది. పరికరాన్ని గుర్తుపట్టలేదని ఇంగ్లీషులో రాసుంది. తీసి మళ్లీ పెట్టేడు. మళ్లీ అదే. మూడోసారి కేబులు ఊది పెట్టేడు.

"ఊదితే మోగడానికి అది బూర కాదండీ" అన్నాను. "మీ ఆఫీసులో కంప్యూటరు పాత సిస్టమ్, ఎక్స్‌పీ అయ్యుంటుంది. దానికి ఈ ఫోను తెలుసు. ఇది విస్టా. కొత్త సిస్టమ్. ఈ ఫోనుతో వచ్చిన సాఫ్టువేరు దీంట్లో ఎక్కదు, ఎక్కినా ఈ కేబులుని ఒప్పుకోదు. నా కొట్టుకి వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే గోలతో వస్తున్నారు. ఫోనూ బాగానే ఉంటుంది, కంప్యూటరూ బాగానే ఉంటుంది. ఒకదానికొకటి పడదు."

"బ్లూటూత్‌లో ఎక్కించేం."

"ఈ కంప్యూటరుకి అది లేదండీ. పైగా మీ సర్టిఫికెట్లో కేబులని రాసేరు."

"ఆ వేళ పనిచేసింది. వైరస్ పట్టుంటుంది."

"ఎక్కించిన సాఫ్టువేరు కంప్యూటర్లో చూపించండి."

ప్రభాకరరావు చెయ్యి మౌసు మీద అలాగే ఆగింది. తర్వాత నవ్వేడు. ముప్ఫై ఏళ్లు పోలీసుల్లో చేసినవాడు, అంత తేలిగ్గా దొరకడు.

"అసలు సంగతి మర్చిపోయేను మేడమ్. ఆదివారం ఇక్కడున్నది పాత కంప్యూటరు. దాంట్లోనే ఎక్కించేం. ఇది మొన్న మంగళవారం ప్రసాద్ కొన్నాడు. ఏం ప్రసాద్?"

ప్రసాద్ బొత్తం వదిలేడు. "ఆయ్... మంగళవారమేనండీ."

"బిల్లు?" అన్నారు ఎస్సై.

"బిల్లు లేకుండా తెచ్చేనండీ. తగ్గుతుందని."

"పాతదేది?"

"పాతసామాన్ల వాడికి ఇచ్చేసేమండీ."

ఎస్సై నా వంక చూసేరు. నేను ఆ నల్లపెట్టె చుట్టూ తిరిగేను. పైన, వెనకవైపు ఎండిపోయిన పసుపు. దాని మీద ఐదు కుంకంబొట్లు. ఒక బొట్టులో అక్షింత ఇరుక్కుని ఉంది.

"అమ్మగారూ, ఈ బొట్లు ఎవరు పెట్టేరండీ?"

ఆవిడ తల ఎత్తలేదు. "నేనే పెట్టేను."

"ఎప్పుడండీ? మొన్న మంగళవారమా?"

అప్పుడు ఎత్తేరు తల. "మంగళవారం ఏడో రోజు. మైల్లో కొత్త వస్తువుకి పసుపుకుంకం ఎవరు పెడతారు లోవరాజూ? అందులోనూ నేనా పెట్టేది?"

ఆవిడే చెప్పేరు, గోడకి చెప్తున్నట్టు.

"ఎనిమిదో తారీఖు గురువారం, మంచిదని పెట్టించేరు. ఆయన కొబ్బరికాయ కొట్టేరు, నేను బొట్టు పెట్టేను. అదే ఆఖరు. మళ్లీ దేనికీ పెట్టలేదు, పెట్టను కూడా."

"ఆడవాళ్లకి తారీఖులు కలగాపులగం అయిపోతాయండీ, ఇలాంటప్పుడు" అన్నాడు ప్రభాకరరావు.

"మొగుడు పోయిన తారీఖుకి ముందో వెనకో కూడా తెలీదా అండీ?" అన్నారు ఎస్సై. ప్రసాద్ వైపు తిరిగేరు. "ఎనిమిదో తారీఖునుంచీ ఈ ఇంట్లో ఉన్నది ఈ కంప్యూటరే. ఆదివారం దీంతో సీడీ చెయ్యలేరు. మరి ఎక్కడ చేసేరు? ఫోను ఈ ఇల్లు దాటి ఎప్పుడెళ్లింది?"

ప్రసాద్ నీళ్లు కావాలన్నాడు.

నాకు వేరే ఆలోచన వచ్చింది. "అమ్మగారూ, ఇది తన ఫోనుని గుర్తుపట్టటం లేదని బుచ్చిరాజుగారికి తెలుసాండీ?"

"ఆ సాయంత్రమే తెలిసింది. ఇంత పోసి కొంటే ఈ వెధవది నా ఫోను మొహం చూడనంటోందని తిట్టుకున్నారు. ఫోన్లో మాటలు పెట్టుకోవడం, కంప్యూటర్లో దాచుకోవడం ఆయనకి అలవాటు. నిండిపోతే ఫోను ఇంక రికార్డు చెయ్యదట కదా."

"పాతసామాన్ల వాడు కంప్యూటరు పట్టుకెళ్లడం మీరు చూసేరా?"

"లేదు. ఇచ్చేసేనన్నారు, అంతే. వారం రోజులు ఏమీ తిన్నగా చెప్పలేదు ఆయన."

ఫోను పట్టుకుని రోజూ అటక ఎక్కుతున్నారన్న చిట్టెమ్మ మాట గుర్తొచ్చింది. అరవై మూడేళ్ల మనిషి, మే నెల ఎండలో, రేకుల కింద అటక ఎందుకెక్కుతున్నాడో ఎవరూ అడగలేదు. ఎస్సై ప్రసాద్ దగ్గర స్టేట్‌మెంటు రాస్తున్నారు. నేను చెప్పకుండా వెనక తలుపులోంచి తోటలోకి నడిచేను. నేను చేసిన తప్పు అదే. ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాల్సింది.

*

కొట్టులోకి వెళ్లేసరికి ఒకటీ యాభై రెండు. రాశి అలాగే ఉంది. పక్కన వరసగా పెట్టిన కాయలు లెక్కపెట్టేను. ముప్ఫై ఆరు. నిచ్చెన గోడవారన పడుకోబెట్టే ఉంది. నిచ్చెన మీంచి పడి చచ్చినవాడు లేచి నిచ్చెన సర్దడు. బుచ్చిరాజుగారు బాగానే దిగేరు, నిచ్చెన తనే దాచేరు, తర్వాత ఎవరో వెనకనుంచి కొట్టేరు. ఆయన దాచింది నిచ్చెనని కాదు, అటకని.

నిచ్చెన వేసుకుని ఎక్కేను. కిందున్న బల్బు హోల్డరునుంచి కొత్త వైరు పైకి లాగి ఉంది. కొబ్బరిపీచు బస్తాల వెనక, కుర్చీకి బదులు తిరగేసిన గంప. దాని ఎదురుగా పాత బూడిదరంగు కంప్యూటరు. అటకంతా వేలెడు దుమ్ము. కీబోర్డు మీద లేదు. చపటి మూతి కేబులు ఇంకోటి పక్కనే చుట్టి పెట్టుంది.

మీట నొక్కేను. ఎక్స్‌పీ లేవడానికి మూడు నిమిషాలు పట్టింది. నేను గంప మీద కూర్చున్నాను. చెమట కారుతోంది.

ఫోనునుంచి దాచిన మాటలన్నీ ఒకచోట ఉన్నాయి. ఆఖరిది ఎక్కించిన టైము మే పధ్నాలుగు, మధ్యాహ్నం రెండూ ఐదు. నిడివి నాలుగు నిమిషాల పది సెకన్లు. మొదటి ముప్ఫై ఎనిమిది సెకన్లు నేను స్టేషన్లో విన్నవే. దగ్గు తర్వాత ఇది.

"అది అన్నదాంట్లో తప్పు లేదు. లోవరాజు తోట నేను కొనలేదు. రూపాయి ఇవ్వలేదు. తుపాను పరిహారమని చెప్పి వాళ్లమ్మ చేత ప్రభాకరరావు వేలిముద్రలు వేయించేడు. చిట్టెమ్మ పక్కన నిలబడి చూసింది. నా తోటలో కూలి పోతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకుంది. ఇప్పుడు ఊరుకోనంటోంది. తోట తిరిగి రాసిచ్చేస్తాను. ఆ మాట ప్రభాకరరావుకి ఫోన్లో చెప్పేను. తన పేరు బయటికొస్తుందని అరిచేడు. రేపు బుధవారం, రెండుంపావుకి, కొట్టు దగ్గరికి వస్తానన్నాడు. ప్రసాద్‌కి కూడా చెప్పేడట. వాళ్లిద్దరూ..."

నా ముందు చెప్పలేనని చిట్టెమ్మ ఎందుకందో అప్పుడు తెలిసింది.

మళ్లీ మొదటినుంచీ పెట్టేను. రెండోసారి సగంలో ఉండగా కింద అడుగుల చప్పుడయ్యింది. ఎస్సై నిచ్చెనెక్కి వచ్చేరు. రెండూ మూడు. ఆవిడా మొత్తం విన్నారు. కింద ప్రభాకరరావు, ప్రసాద్ కూడా విన్నారు. అటకకి ఉన్నవి తాటిపట్టెలు, సందుల్లోంచి మాట స్పష్టంగా దిగుతుంది.

కిందకి దిగేం. ప్రసాద్ కాయల రాశి మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ప్రభాకరరావు మాత్రం చప్పట్లు కొట్టేడు, మూడుసార్లు, మెల్లగా.

"భలే రికార్డు దొరికింది మేడమ్. సెల్లులు, టేపులు బాగుచేసే మెకానిక్కు, అటక మీద ఒక్కడే పదకొండు నిమిషాలున్నాడు. తన తోట తనకే వస్తుందని చచ్చినవాడి నోటితో చెప్పించుకుని దిగేడు. పన్నెండేళ్ల కిందట నా మీద కేసేసి ఓడిపోయేడు, అది కూడా రాసుకోండి. రేపు వీణ్ణి బోనెక్కిస్తే ఏ జడ్జి నమ్ముతాడండీ?"

ఎస్సై నన్ను తోటలోకి పిలిచేరు.

"ఆయన అన్నది మీరు విన్నారు. నేను నమ్ముతున్నాను లోవరాజుగారూ. నా నమ్మకంతో పని లేదు. ఈ రికార్డు వల్ల మీకు తోట వస్తుంది. వెతికి తీసింది మీరే. రేపు మేజిస్ట్రేటుగారు మొదట అడిగేది అదే. ల్యాబుకి పంపితే నిజమని తేలుతుంది, నెలలు పడుతుంది. అన్నాళ్లూ చిట్టెమ్మ లోపలుంటుంది."

"నాకు తోట రాకపోతేనో?"

"నేను అడగటం లేదు" అన్నారు.

"మీరు అడగలేదండీ. నేనే అడుగుతున్నాను."

"లాభం లేని మనిషి మాట వేరేగా ఉంటుంది."

కాగితం అడిగేను. కాయల రాశి మీద అట్ట పెట్టుకుని రాసేను. నా అక్షరాలు పెద్దగా, వంకరగా ఉంటాయి, ఎనిమిదో క్లాసు దగ్గరే ఆగిపోయేయి. ఆ తోట మీద నాకు గానీ నా వారసులకి గానీ ఏ హక్కూ లేదు, ఇక ముందు అడగను, ఈ రికార్డింగు ఆధారంగా ఏ కోర్టులోనూ దావా వెయ్యను. ఇంట్లోంచి పిలిపించిన కనకరత్నంగారు ఒక సాక్షి. ఆవిడ సంతకం పెట్టి, కలం నా చేతికి ఇవ్వకుండా చాలాసేపు పట్టుకున్నారు.

"లోవరాజూ, నువ్వు నన్ను పిన్నీ అనేవాడివి" అన్నారు.

"ఆయ్" అన్నాను.

ఎస్సై ఆ కాగితం పైకి చదివేరు. సర్వే నంబరు, హద్దులు, అన్నీ. ప్రభాకరరావు మొహంలో నవ్వు మొదటిసారి పోయింది. తోట కోసమే చేసేనన్న అతని వాదన ఇక నిలవదు. ప్రసాద్ కింద కూర్చుండిపోయేడు.

"నేను కొట్టలేదండీ. ఒట్టు. టీ కొట్టు దగ్గర ఆయన కార్లోనే కూర్చున్నానండీ. ఆయనొక్కడే కొట్టులోకి వచ్చేడు. తిరిగొచ్చి, లోపల మీ మావయ్య పడిపోయేడు, వెళ్లి ముందు ఫోను తియ్యి అన్నాడు. రెండూ నలభైకి ఫోను తీసి, వెళ్లి ఆయనకిచ్చేను. రాజమండ్రి పట్టుకెళ్లి కావాల్సింది ఉంచి, మిగతాది చెరిపేసేనన్నాడు. ఆదివారం కాగితం మీద సాక్షుల చేత ఊరికే సంతకాలు పెట్టించేడండీ. కంప్యూటరు ముట్టుకోను కూడా లేదు."

"బుధవారం రాజమండ్రిలో ఉన్నారని రాసుకున్నాను" అన్నారు ఎస్సై.

ప్రభాకరరావు నా వైపు తిరిగేడు. కానిస్టేబులు చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా నా వంకే చూసేడు.

"కంప్యూటరంటే కంప్యూటరే అనుకున్నాన్రా" అన్నాడు. తర్వాత చిన్నగా, "సంతకం పెట్టేశావుగా. ఇంక నీకూ నాకూ చెల్లు. నేను రేపు కాకపోతే ఎల్లుండి బెయిలు మీద వస్తాను లోవరాజూ. ఆ కాగితం మాత్రం ఎప్పటికీ ఉంటుంది."

*

ఐదుంపావుకి చిట్టెమ్మని స్టేషన్లోంచి పంపేసేరు. సాక్షిగా వాంగ్మూలం ఇచ్చి, వేలిముద్ర వేసింది. ఇంకు మరక చీర చెంగుకి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు మీ ముందు చెప్తానండీ. మీ అమ్మగారి ఏలు ఆయన పట్టుకోడం నేను చూసేను. ఆవిడ దేనికి బాబూ అనడిగింది. పరిహారానికి మావ్మా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నోరెత్తలేదు." చెంగు వదిలేసింది. "ఇంక మీ తోట మీకిచ్చేత్తారు కదండీ?"

నేను బండి స్టార్టు చేసేను. అది రెండుసార్లు తన్నితే గానీ లేవదు. ఆవిడ జవాబు కోసం అక్కడే నిలబడింది.

"నీకు ఇంటికి బస్సుందా?" అన్నాను.

"ఉందండీ."

నేను రాసిచ్చిన ఆ కాగితం మీద మూడో లైన్లో తోట వివరం ఉంటుంది. ఎప్పుడైనా ఎవరైనా తీసి చూస్తే నా వంకర అక్షరాలతోనే కనబడుతుంది. తుపానుకి పడిపోగా నిలబడ్డ చెట్లు ముప్ఫై ఏడు. విస్తీర్ణం ఒక ఎకరం ఇరవై రెండు సెంట్లు.